ఒక మీటరు చదరం

జోడుగుళ్ళపాలెం రాళ్ళ దగ్గర
తెల్లవారి అయిదూ పదికి నీళ్ళు తగ్గుతాయని
నా దగ్గరున్న పట్టిక చెప్పింది.
కాసులమ్మ ఏ పట్టికా చూడలేదు.
నాకన్నా ముందే వచ్చి
విరిగిన గునపం ముక్కతో
ఆల్చిప్పలు గీకుతోంది.

నా చేతిలో పైపుల చట్రం,
నిలువు మీటరు, అడ్డం మీటరు.
రాతి మీద పరిచి
లోపలున్న ప్రాణాలన్నీ లెక్కపెట్టాలి.
అమావాస్యకోసారి, పున్నానికోసారి,
మూడేళ్ళపాటు.
దీనికి నాకు జీతమిస్తారంటే
కాసులమ్మ ఇప్పటికీ నమ్మదు.

రాసుకుంటున్నాను:
రాతికి కరుచుకున్న గవ్వపురుగులు నూట నలభై,
అన్నీ తలుపులు మూసుకుని.
నత్తలు ఇరవై రెండు.
పచ్చటి నాచు మూడు అరచేతులంత.
గుంటలో పువ్వు కాని పువ్వొకటి,
వేలు తగిలితే నోరు ముడుచుకుంది.
సోడా మూతని ఇల్లు చేసుకున్న
సన్యాసి పీత ఒకటి.
మూతని ఏ గడిలో రాయాలో తెలీలేదు.

నత్త నాచుని మేస్తుంది.
మేసిన మేర రాయి బోడిదవుతుంది.
ఆ బోడి జాగాలోనే
ఈదుకుంటూ వచ్చిన గవ్వపురుగు పిల్ల
తల ఆనించి, ఇక కదలనని
బతుకంతటికీ అంటుకుపోతుంది.
ఇది చెబితే కాసులమ్మ చెయ్యి ఆపింది.
"అయితే నత్తే మేస్త్రీ అన్నమాట.
సోటు సదును సేసి
కూలడక్కుండా ఎల్లిపోద్ది."

తనూ రాయంతా గీకదు.
చివర బెత్తెడు వదిలేస్తుంది.
ఎందుకని అడిగాను,
గొప్ప జవాబేదో వస్తుందని పెన్ను సిద్ధంగా పట్టుకుని.
"నడుం నొప్పి" అంది.

ఆ బెత్తెట్లోంచే
మరుసటి నెలకి కొత్త చిప్పలు పాకాయి.
నా పుస్తకంలో ఆ చిప్పలున్నాయి.
నడుం నొప్పి లేదు.

కిందటి పక్షం వాన పడింది.
కొండ మీది ఎర్రమట్టి గెడ్డలోకి జారి,
గెడ్డ మన కాలవలన్నిటినీ కలుపుకుని,
అపార్ట్‌మెంట్ల సబ్బు నురగతో సహా
ఇక్కడికొచ్చి చేరింది.
ఆ వేళ నత్తలు ఆరే.
నాచు మాత్రం తొమ్మిది అరచేతులు.
తలంటుకున్నది మనం,
జుట్టు పెరిగింది రాయికి.

"ఇదేటి సూసావు," అంది కాసులమ్మ,
"హుద్‌హుద్ అప్పుడు ఈ రాయే లేదు.
ఇసక మింగీసింది. నానైతే
దొంగలెత్తుకుపోనారనుకున్నాను.
మల్లీ ఏసంగికి బోడిగా పైకొచ్చింది,
పురిటి బిడ్డనాగ."
ఆ బోడి రాతి మీద
మొదట ఎవరు కాపురం పెట్టారని అడిగితే,
"జిగట" అంది.
జిగట, ఆ తర్వాత నాచు, ఆ తర్వాత మేస్త్రీలు.
"ఆ ఎనక నాను."

అంతలో వాడ తిరిగింది.
అనుకోని అల ఒకటి మోకాళ్ళదాకా కొడితే
ఆమె తూలి, నిలదొక్కుకోడానికి
కుడికాలు నా చట్రంలో వేసింది.
నీళ్ళు తేటపడేసరికి
మడమ పక్కన నీడలో
నాలుగు ఇసకదొందు పిల్లలు.
గట్టి నీడ ఏదైతేనేం వాటికి?
కాసులమ్మ కదల్లేదు. నేనూ.
"నన్ను కూడా రాసీసావేటి?"

రాశాను. రిమార్కుల గడిలో,
"కుడికాలు ఒకటి, తాత్కాలికం."
ఆఫీసులో మా సారు
దాన్ని ఎర్రసిరాతో కొట్టేశాడు.
నాలుగు చేపపిల్లల్ని ఉంచాడు,
ఎవరి నీడలో ఉన్నాయో లేకుండా.

పోటు పెరిగి చట్రం తేలింది.
చంకన పెట్టుకుని వెనక్కి నడిచాను.
విరిగిన చిప్పల్ని కాసులమ్మ గుంటలోకి విదిలిస్తే
పగుళ్ళలోంచి పీతలు అడ్డంగా పరుగున వచ్చాయి,
వాటి కోసం కొంగ, కొంగని చూసి కుక్క.

బస్సు స్టాపు దాకా తన వెనకే నడుస్తూ చూశాను,
తడిసిన చీర అంచుకి
నత్త ఒకటి అంటుకుని ఊళ్ళోకి వెళ్తోంది.
పిలిచాను. బస్సు హారన్లో వినపడలేదు.

ఇరవై రెండని రాశాను.
ఇరవై ఒకటేమో.